మూడు గడ్డల సూపు: చలికాలంలో అవ్వలు కాచే ఉర్లగడ్డ సూపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో చలి ఎక్కువ రోజులు ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చినాక మొదలై సంక్రాంతి దాటిన కొన్నాళ్ళకే సర్దుకుంటుంది. పలమనేరు, కుప్పం పక్క మాత్రం నేల ఎత్తు కాబట్టి చలి గట్టిగానే పట్టుకుంటుంది. ఆ రోజుల్లో పొద్దుగూకినాక కాచుకునే సూపు ఇది. ఇందులో ఉండేవి ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ. మూడూ గడ్డలే. (వేరే జిల్లాల వాళ్ళ కోసం: బంగాళాదుంప, ఉల్లిపాయ, వెల్లుల్లి.) కార్న్‌ఫ్లోరు, మైదా, సూపు పొడి ప్యాకెట్లు ఏవీ వద్దు. ఈ సూపుకు చిక్కదనం ఉర్లగడ్డలోని పిండి నుంచే రావాలి. గడ్డ ఎంచుకోవడం, కోయడం, ఎనపడం, అన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

ఇది మన వంటేనా?

ఉర్లగడ్డే మనది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. పాలు పోసిన ఉర్లగడ్డ సూపు చలి దేశాల పేదల, రైతుల తిండి. ఫ్రాన్సులో ఉల్లి జాతికే చెందిన లీక్ కాడలు వేసి కాస్తారు. అక్కడి జనానికి ఉర్లగడ్డ మీదున్న భయం పోగొట్టిన పార్మాంటియే (1737–1813) పేరే ఆ సూపుకు పెట్టుకున్నారు. జర్మనీలో క్యారెట్టు, సెలరీ కూడా వేస్తారు. మన వంటింటికి వచ్చేసరికి వెన్న బదులు నెయ్యి, లీక్ బదులు ఎర్రగడ్డ చేరాయి. మిరియాలు, జిలకర మన చేతి చలవ.

నలుగురికి ఏది ఎంత?

ఉర్లగడ్డలు అర కిలో, అంటే మధ్య సైజువి నాలుగైదు. పొట్టు తీశాక 430 గ్రాముల దాకా మిగులుతాయి. పెద్ద ఎర్రగడ్డ ఒకటి, తెల్లగడ్డ పాయలు అయిదు, నెయ్యి ఒకటిన్నర పెద్ద చెంచా, జిలకర అర చిన్న చెంచా, నీళ్ళు లీటరు, కాచిన పాలు 150 మిల్లీలీటర్లు, మిరియాలు ఒక చిన్న చెంచా, ఉప్పు సుమారు 10 గ్రాములు (చదునుగా రెండు చిన్న చెంచాలకు కాస్త తక్కువ), కొత్తిమీర గుప్పెడు. తలా ఒక పెద్ద గ్లాసు వస్తుంది.

పసుపు చాలామంది వేస్తారు. తప్పేమీ లేదు గానీ, వేస్తే ఉర్లగడ్డ కూర పలచబడినట్టు కనిపిస్తుంది. ఈ సూపు అందం దాని తెలుపులోనే ఉంది.

ఏ ఉర్లగడ్డ కొనాలి?

పొడిపొడిగా విరిగే పిండిగడ్డ కావాలి. ఉడికించి విరిస్తే పిండి రాలినట్టు ఉండాలి గానీ మైనం ముక్కలా నున్నగా తెగకూడదు. వి.కోట, పలమనేరు పక్క, సరిహద్దు దాటితే కోలారులో పండే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది కుఫ్రి జ్యోతి. సిమ్లాలోని కేంద్ర ఉర్లగడ్డ పరిశోధన సంస్థ 1968లో విడుదల చేసిన రకం అది. ముదిరి, తోలు గట్టిపడిన జ్యోతి గడ్డ ఈ సూపుకు బాగా సరిపోతుంది. బొటనవేలితో రుద్దితే తోలు ఊడొచ్చే లేతగడ్డలో పిండి తక్కువ, నీరు ఎక్కువ. అది వేపుడుకు బాగుంటుంది, సూపులో కరగదు.

అంగట్లో చూసి పోల్చుకోలేకపోతే ఇంట్లో పరీక్షించవచ్చు. ఒక గ్లాసు ఉప్పుకు 11 గ్లాసుల నీళ్ళ లెక్కన కలిపి, అందులో గడ్డ వేయండి. మునిగితే పిండిగడ్డ, తేలితే నీటిగడ్డ. పిండి ఎక్కువున్న గడ్డ బరువుగా ఉంటుంది, అంతే సంగతి. ఒక్క గడ్డ కోసం అయితే చిన్న గిన్నెలో అదే పాళ్ళు కలుపుకుంటే చాలు.

సూపు తియ్యగా వచ్చింది. చక్కెర వేయలేదే?

గడ్డే తియ్యబడి ఉంటుంది. ఆగ్రా వైపు ఫిబ్రవరి, మార్చిలో తవ్విన గడ్డలను శీతల గిడ్డంగుల్లో పెట్టి నవంబరు దాకా అమ్ముతారు. బాగా చల్లటి చోట ఉన్న గడ్డ తనలోని పిండిని కొద్దికొద్దిగా చక్కెరగా మార్చుకుంటుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా అదే జరుగుతుంది. అలాంటి గడ్డలను ఒకటి రెండు వారాలు బయట, గాలి ఆడే చీకటి మూల ఉంచితే తీపి చాలావరకు తగ్గుతుంది. ఇప్పటికే కాచేసి ఉంటే మిరియాలు ఇంకో అర చెంచా, దించాక అర చెక్క నిమ్మరసం వేయండి. పాలు పోసి ఉంటే మాత్రం నిమ్మరసం వద్దు, విరిగిపోతాయి.

కాచే వరస చెప్పండి.

ముందు కోత. మూడింట రెండు వంతుల గడ్డను అర సెంటీమీటరు మందంతో పలచటి బిళ్ళలుగా తరగండి. మిగతా వంతును వేలి కణుపు అంత ముక్కలుగా కోయండి. బిళ్ళలు కరిగి చిక్కదనం ఇస్తాయి, ముక్కలు పంటికి తగులుతాయి. అన్నీ ఒకే సైజులో కోస్తే అయితే అంతా గుజ్జవుతుంది, లేకపోతే అంతా నీళ్ళలో ముక్కలే.

అడుగు మందంగా ఉన్న దబరలో నెయ్యి వేడిచేసి జిలకర వేయండి. చిటపటలాడగానే సన్నగా తరిగిన ఎర్రగడ్డ, చిదిమిన తెల్లగడ్డ, చిటికెడు ఉప్పు వేసి సెగ తగ్గించండి. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. తొందరపడే చోటు ఇదే. ఎర్రగడ్డ ఎర్రబడకూడదు, గాజు ముక్కలా మెత్తగా మెరవాలి. పచ్చివాసన పోయి తియ్యటి వాసన రావాలి. ఎర్రగా వేగితే సూపు రంగు మారి, వేపుడు రుచి పైకొస్తుంది. అంచులు మాడుతున్నట్టు కనబడితే రెండు చెంచాల నీళ్ళు చల్లండి.

గడ్డ ముక్కలన్నీ వేసి రెండు నిమిషాలు కలిపి, మరిగే నీళ్ళు లీటరు పోయండి. చల్లటి నీళ్ళు పోస్తే చెడిపోదు గానీ మళ్ళీ కాగేదాకా సమయం పోతుంది. ఒకటిన్నర చెంచా ఉప్పు వేసి, పొంగు వచ్చాక సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి 15 నుంచి 18 నిమిషాలు ఉడకనివ్వండి. పెద్ద ముక్క ఒకటి గరిటెలోకి తీసి వేలితో నొక్కండి. మధ్యలో పలుకు తగలకుండా చితికిపోవాలి.

ఇప్పుడు పెద్ద ముక్కలు ఒక గరిటెడు తీసి పక్కన పెట్టుకోండి. దబర దించి, పప్పుగుత్తితో ఇరవై సార్లకు మించకుండా ఎనపండి. చప్పుడు వింటూ ఎనపండి. మొదట నీళ్ళు గలగలమంటాయి, పది పన్నెండు సార్లకు చప్పుడు మెత్తబడుతుంది, గుత్తి బరువెక్కుతుంది. అక్కడికి చాలు. తీసిన ముక్కలు మళ్ళీ వేసి, దబరను సన్న సెగ మీద పెట్టి, గోరువెచ్చటి పాలు సన్నటి ధారగా పోస్తూ కలపండి. మూడు నిమిషాలు వేడెక్కితే చాలు, తెర్లనివ్వద్దు. దించాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కొత్తిమీర వేసి, ఉప్పు సరిచూసుకుని, పది నిమిషాలు మూత పెట్టండి. ఆ పది నిమిషాల్లో ఇంకాస్త చిక్కబడుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అదే పాకం.

మిక్సీలో వేస్తే పని తొందరగా అవుతుంది కదా?

అవుతుంది, సూపు జిగురవుతుంది. ఉడికిన గడ్డలో పిండి చిన్న చిన్న గదుల్లో ఉబ్బి ఉంటుంది. పప్పుగుత్తి ఆ గదులను ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది, గదులు చాలావరకు పగలవు. మిక్సీ బ్లేడు గదులను చీల్చి లోపలి పిండినంతా బయటికి లాగుతుంది. అప్పుడు సూపు కాదు, పోస్టర్లు అంటించే బంక వస్తుంది. గరిటె ఎత్తితే తీగ సాగుతుంది. ఒకసారి అలా అయితే వెనక్కి రాదు. వేడి నీళ్ళు కలిపి పలచన చేసుకోవడం ఒక్కటే మార్గం. నున్నటి సూపే కావాలనుకుంటే ఎనిపిన సూపును జల్లెడలో పోసి గరిటె వెనకతో నొక్కి వడకట్టండి.

అరగంటైనా ముక్క ఉడకలేదు. ఎందుకు?

ముందు పులుపు చూడండి. టమాటా, చింతపండు, నిమ్మ ఏది ముందే పడినా గడ్డ మెత్తబడదు. ముక్కను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో కరగడానికి మొండికేస్తుంది. పులుపు కావాలంటే ఎనిపినాకే వేయాలి.

రెండోది నీళ్ళు. తెల్లటి పొర కట్టే బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ. అది ఆ పెక్టిన్‌ను ఇంకా బిగిస్తుంది. పప్పు ఉడకని నీళ్ళలో ఉర్లగడ్డ కూడా ఆలస్యమే. తాగే నీళ్ళతో కాచుకోండి.

మూడోది ఎత్తు. తిరుమల 850 మీటర్లకు పైన, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడ నీళ్ళు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి. కింద 15 నిమిషాలకు ఉడికేది కొండ మీద మరో నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. మదనపల్లెలోనూ తేడా ఉంటుంది గానీ పెద్దగా తెలియదు.

కుక్కర్లో చేయొచ్చా?

చేయొచ్చు. ఎర్రగడ్డ వేయించడం మాత్రం మూత లేకుండానే చేయాలి. నీళ్ళు 800 మిల్లీలీటర్లు చాలు, ఆవిరి పోదు కాబట్టి. మూడు విజిళ్ళు, తర్వాత ఆవిరి తనంతట తాను పోయేదాకా ఆగండి. బలవంతంగా ఆవిరి వదిలితే పిండి నీళ్ళు విజిల్ గుండా చిమ్ముతాయి. కుక్కర్లో ముక్కలూ బిళ్ళలూ తేడా లేకుండా అంతా మెత్తబడిపోతుంది. పంటికి తగిలే ముక్కలు కావాలంటే తెరిచిన దబరే మేలు.

కోసిన గడ్డను నీళ్ళలో వేసి ఉంచాలా?

నల్లబడకుండా ఉండటానికి ఐదు నిమిషాలు వేయొచ్చు. అంతకు మించి వద్దు. నీళ్ళ అడుగున తెల్లగా పేరుకునేది మీ సూపు చిక్కదనమే. ఎర్రగడ్డ వేగుతుండగా గడ్డలు కోసుకుంటే నీళ్ళలో వేసే పనే ఉండదు.

పాలు పోయగానే విరిగిపోతున్నాయి.

పుల్లటి టమాటా వేసి ఉంటారు, లేదా పచ్చి అల్లం రసం చివర్లో పోసి ఉంటారు. అల్లంలో పాలను పెరుగులా గడ్డకట్టించే గుణం ఉంది. ముందే వేసి ఉడికిస్తే ఆ గుణం పోతుంది. కాబట్టి అల్లం వేసేవాళ్ళు ఎర్రగడ్డతోనే వేయండి. ఫ్రిజ్ నుంచి తీసిన పాలు నేరుగా తెర్లే సూపులో పోయడమూ మంచిది కాదు. ఒక గరిటె సూపును పాలలో కలిపి, ఆ పాలను దబరలో పోస్తే భయం లేదు. టమాటా కావాలనుకునేవాళ్ళు పాలు మానేయడమే తేలిక.

అడుగంటింది. ఏం చేయాలి?

గోకొద్దు. కదిలించకుండా పైనున్నది వేరే గిన్నెలోకి వంచండి. మాడు వాసన పైదాకా రాకపోతే సూపు బతికినట్టే. ఎనిపినాక పిండి అడుగుకు దిగుతుంది కాబట్టి ఆ తర్వాత పెద్ద సెగ అస్సలు వద్దు.

ఉప్పు ఎక్కువైతే ఉర్లగడ్డ ముక్క వేస్తే లాగేస్తుందంటారు. ఇందులో ముందే ఉంది కదా?

గడ్డ ఉప్పును ఏరి లాక్కోదు, ఉప్పు నీళ్ళను పీల్చుకుంటుంది. ముక్క తీసేస్తే దాంతోపాటు కాస్త ఉప్పు నీళ్ళు పోతాయి, మిగతా సూపు ఉప్పగానే ఉంటుంది. సరైన మందు ఇది: ఉప్పు లేకుండా ఉడికించి ఎనిపిన గడ్డ ఒకటి, దానితోపాటు ఒక గ్లాసు వేడి నీళ్ళు కలపండి. అందుకే మొదట ఒకటిన్నర చెంచా మాత్రమే వేసి, మిగతాది పాలు పోశాక రుచి చూసి వేయమన్నాం.

ధనుర్మాసంలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ ముట్టం. అప్పుడెలా?

తిరుపతిలో ఈ ప్రశ్న చాలామందిదే. ఎర్రగడ్డ ఇచ్చే తీపి, కమ్మదనం వేరే చోటు నుంచి తెచ్చుకోవాలి. గుప్పెడు లేత సొరకాయ ముక్కలు, సగం క్యారెట్టు తురుము నెయ్యిలో అలాగే సన్న సెగ మీద మగ్గించండి. జిలకరతోపాటు శనగగింజంత ఇంగువ, అంగుళం అల్లం తురుము వేయండి. నీళ్ళు 100 మిల్లీలీటర్లు తగ్గించండి, సొరకాయలో నీరుంటుంది. రుచి వేరుగా ఉంటుంది గానీ లోటుగా ఉండదు. అప్పుడది మూడు గడ్డల సూపు కాదు, ఒక గడ్డ సూపు.

చలికాలం కూరగాయలు ఏవైనా కలపొచ్చా?

మన పక్క చలికాలమంటే అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు). అనపగింజలు నానబెట్టి పితికిన పప్పు ఒక గుప్పెడు వేస్తే ఈ సూపు చిత్తూరు సూపే అయిపోతుంది. పితికిపప్పును విడిగా, ఉప్పు వేసిన నీళ్ళలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, పాలు పోసే ముందు సూపులో కలపండి. సగం ఉడికిన అనపగింజలు కడుపుకు మంచివి కావు, కాబట్టి వేలితో నొక్కి చూడకుండా కలపొద్దు. ఉల్లికాడలు దొరికితే తెల్లటి భాగం ఎర్రగడ్డతో వేయించి, పచ్చటి భాగం చివర్లో చల్లండి. లీక్ రుచికి మన సంతలో దొరికే దగ్గరి చుట్టం అదే.

పచ్చబడిన గడ్డ, మొలకలొచ్చిన గడ్డ వాడొచ్చా?

వెలుతురు తగిలి పచ్చబడిన గడ్డలో సొలనిన్ అనే చేదు విషం పెరుగుతుంది. ఉడికించినా పోదు. అక్కడక్కడ చిన్న మచ్చలుంటే లోతుగా చెక్కేసి వాడొచ్చు. సగానికి పైగా పచ్చగా ఉన్నా, రుచి చేదుగా ఉన్నా పారేయండి. పిల్లలకు పెట్టే సూపులో అనుమానమున్న గడ్డ అసలు వద్దు. గట్టిగా ఉండి ఒకటి రెండు చిన్న మొలకలున్న గడ్డకు కళ్ళతో సహా లోతుగా తీసేస్తే సరిపోతుంది. ముడతలు పడి మెత్తబడితే వద్దు.

గోతం సంచిలో, చీకట్లో, గాలి ఆడే చోట పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమరుస్తుంది. ఎర్రగడ్డలతో కలిపి ఒకే బుట్టలో పోయొద్దు, రెండూ తొందరగా పాడవుతాయి. సూపులో కలిసే గడ్డలు బుట్టలో కలవకూడదు.

ఉర్లగడ్డ వాయువు చేస్తుందంటారు. పెద్దవాళ్ళకు పెట్టొచ్చా?

చాలామందికి ఇబ్బంది పెట్టేది గడ్డ కాదు, పాలు లేదా ఎర్రగడ్డ. పాలు అరగనివాళ్ళకు పాలు లేకుండా, గడ్డ ఇంకొకటి ఎక్కువ వేసి చేయండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు దీన్ని అన్నంతోపాటు కాకుండా, అన్నం బదులుగా లెక్కపెట్టుకోవాలి. ఎంత తాగొచ్చో వాళ్ళ డాక్టరు చెప్పాలి. జలుబు, గొంతునొప్పి ఉన్నప్పుడు వేడివేడిగా తాగితే హాయిగా ఉంటుంది, అంతేగానీ మందు కాదు. ఆరు నెలలు నిండి ఏడాది లోపున్న పసివాళ్ళకు ఉప్పు, మిరియాలు లేకుండా విడిగా ఉడికించి ఎనిపిన గుజ్జు పెట్టండి.

దేనితో తినాలి?

జొన్నరొట్టె తుంచి ముంచుకుంటే బాగుంటుంది. బ్రెడ్డు అయితే నెయ్యి రాసి పెనం మీద కాల్చండి. రాగి సంగటికి మాత్రం ఇది సరిపడదు. సంగటి ముద్ద కారం, పులుపు అడుగుతుంది, ఈ సూపు మెత్తనిది. పక్కన వేయించిన చెనక్కాయలు ఒక గుప్పెడు ఉంటే చాలు.

భజనకో, పూజకో యాభై మందికి చేయాలంటే?

తలా 200 మిల్లీలీటర్ల లెక్కన పది లీటర్లు కావాలి. గడ్డలు మూడున్నర కిలోలు, ఎర్రగడ్డలు 800 గ్రాములు, తెల్లగడ్డ 100 గ్రాములు, నెయ్యి 200 గ్రాములు, నీళ్ళు ఆరున్నర లీటర్లు, పాలు లీటరు. పెద్ద పాత్రలో ఆవిరి పోయేది తక్కువ కాబట్టి నీళ్ళు లెక్క కన్నా కాస్త తగ్గించాం. ఉప్పు 50 గ్రాములతో మొదలుపెట్టి రుచి చూస్తూ 70 దాకా వెళ్ళండి. పప్పుగుత్తి అంత లోతు అందదు. ఉడికిన బిళ్ళలను జల్లిగరిటెతో బేసిన్‌లోకి తీసి, ఎనిపి మళ్ళీ పోయండి. వడ్డించేటప్పుడు ప్రతిసారీ తెడ్డుతో అడుగు నుంచి కలపండి, లేకపోతే మొదటివాళ్ళకు నీళ్ళు, చివరివాళ్ళకు ముద్ద వస్తుంది.

మిగిలిన సూపు తెల్లారికి గడ్డకట్టింది. పాడైనట్టా?

కాదు. చల్లబడిన పిండి బిగుసుకుంటుంది. చల్లారగానే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు ఉంటుంది. రాత్రంతా బయట ఉంచితే, పాలు ఉన్నాయి కాబట్టి, వాడొద్దు. అర గ్లాసు వేడి నీళ్ళు పోసి సన్న సెగ మీద కలుపుతూ వేడిచేయండి. పుల్లటి వాసన, నురగ ఉంటే పారబోయండి. డీప్ ఫ్రీజర్లో పెట్టొద్దు, కరిగాక నీళ్ళు ఒకవైపు, రవ్వలాంటి గడ్డ ఒకవైపు అవుతుంది. ముప్పావు గ్లాసు గట్టి సూపు మిగిలితే రెండు గ్లాసుల గోధుమపిండి అందులో తడిపి చూడండి. నీళ్ళు చెంచా చెంచాగా, అవసరమైతేనే పోయండి. అరగంట నానాక చేసే చపాతీలు సాయంత్రం దాకా మెత్తగా ఉంటాయి.